అన్‌క్యాప్డ్ ఆటగాళ్ళ ఒప్పందాలు (ఐ.పి.ఎల్.)

ఏ దేశపు జాతీయ జట్టుకూ ఇంకా ఆడని క్రికెట్ ఆటగాడిని ఇండియన్ ప్రీమియర్ లీగ్ (ఐ.పి.ఎల్.) పరిభాషలో అన్‌క్యాప్డ్ ఆటగాడు అంటారు. ఇటువంటి భారతీయ యువ ఆటగాళ్ళ తొలి ఒప్పందాలకు ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. ఆటగాడి ప్రతిభతో పాటు, ఈ నిబంధనలు కూడా అతని తొలి సంపాదనను నిర్ణయిస్తాయి.

నేపథ్యం

క్రీడాలీగులలో కొత్తవారి వేతనానికి పరిమితి విధించడం కొత్త విషయం కాదు. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్ (ఐస్ హాకీ) 1995లో కొత్త ఆటగాళ్ళ వేతనానికి గరిష్ఠ పరిమితి పెట్టింది. ఆ లీగ్ 2005 ఒప్పందం ప్రకారం 18-21 ఏళ్ళ వయసులో చేరినవారికి మూడేళ్ళు, 22-23 ఏళ్ళవారికి రెండేళ్ళు, 24 ఏళ్ళవారికి ఒక ఏడాది ఈ పరిమితి వర్తిస్తుంది.

ఐ.పి.ఎల్. చరిత్ర

2008లో అండర్-19 ఆటగాళ్ళను వేలం ద్వారా కాక, జట్లు వంతులవారీగా ఎంచుకొనే డ్రాఫ్ట్ పద్ధతిలో పంచారు. ఆ ఏడాది రాజస్థాన్ రాయల్స్‌లో యువ ఆటగాడిగా చేరిన రవీంద్ర జడేజా, ఒప్పందం కొనసాగించక వేరొక జట్టుతో బేరమాడాడన్న కారణంగా 2010 సీజన్‌కు నిషేధానికి గురయ్యాడు.

2011 నుండి 2013 వరకు అన్‌క్యాప్డ్ భారతీయులకు ఫస్ట్‌క్లాస్ అనుభవాన్ని బట్టి 10, 20, 30 లక్షల రూపాయల స్థిర వేతనాలు అమలయ్యాయి. 2014 నుండి వీరిని కూడా వేలంలోకి తెచ్చారు. నాటి కనీస ధర 10 లక్షలు. అది 2018లో 20 లక్షలు, 2025 సీజన్ వేలంలో 30 లక్షలు అయినది.

ఒప్పందం పనిచేసే తీరు

వేలంలో పలికిన ధర ఒక సీజన్‌కు చెల్లించే పారితోషికం. జట్టు కోరుకుంటే, తదుపరి పెద్ద వేలం వరకు సాధారణంగా అదే ధరకు ఆటగాడిని కొనసాగించుకోవచ్చు. ఈ మధ్యకాలంలో ఆటగాడు ఎంత రాణించినా తనంతట తాను మరొక జట్టుకు వెళ్ళి ఎక్కువ ధర కోరలేడు. మరోవైపు, జట్టు విడుదల చేస్తే మళ్ళీ వేలంలో నిలబడాలి. అక్కడ కొనేవారు లేకపోతే ఆదాయమే ఉండదు.

తెలుగు ఆటగాళ్ళ ఉదాహరణలు

* మహమ్మద్ సిరాజ్ (హైదరాబాద్): 2017 వేలంలో 20 లక్షల కనీస ధరతో నిలిచి, సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు 2.6 కోట్లకు అమ్ముడయ్యాడు.
* తిలక్ వర్మ (హైదరాబాద్): 2022లో ముంబై ఇండియన్స్ 1.7 కోట్లకు తీసుకున్నది. 2023లో భారత జట్టుకు ఆడాడు. 2025 సీజన్‌కు 8 కోట్లతో అట్టిపెట్టుకున్నారు.
* నితీష్ కుమార్ రెడ్డి (విశాఖపట్నం): 2023 సీజన్‌కు సన్‌రైజర్స్ 20 లక్షల కనీస ధరకే తీసుకున్నది. 2024లో 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ పురస్కారం పొందినప్పుడు కూడా అతని ఒప్పందపు ధర అదే. 2025 సీజన్‌కు అది 6 కోట్లకు చేరింది.

మ్యాచ్ ఫీజు

2025 సీజన్ నుండి ఆడిన ప్రతి మ్యాచ్‌కు 7.5 లక్షల రూపాయల ఫీజును ఒప్పందపు మొత్తానికి అదనంగా ఇవ్వసాగారు. లీగ్ దశలోని 14 మ్యాచ్‌లూ ఆడినవారికి ఇది 1.05 కోట్లు అవుతుంది. కాబట్టి 30 లక్షల ఆటగాడు తుది జట్టులో స్థిరపడితే, ఒప్పందపు మొత్తానికి మూడు రెట్లకు పైగా ఫీజు రూపంలోనే పొందుతాడు. బెంచికే పరిమితమైనవారికి ఈ లాభం లేదు.

జిల్లాల ఆటగాళ్ళు

వేలానికి పేరు నమోదు రాష్ట్ర సంఘం ద్వారా జరుగుతుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ వంటి తెలంగాణ జిల్లాలు హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ పరిధిలో ఉన్నాయి. రంజీ ట్రోఫీలో వీటికి వేరే జట్లు లేవు. అందువల్ల ఈ జిల్లాల యువకులకు వేలం కంటే ముందున్న అసలు మెట్టు హైదరాబాద్ జట్టులో చోటు సంపాదించడమే.