సెల్‌ఫోన్ చూపే ఖిబ్లా నిజమేనా?

జుహ్ర్ వేళ. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు. మస్జిద్ దాకా వెళ్లే వీలు లేని కుర్ర మెకానిక్ చేతుల గ్రీజు వదిలించుకుని, వుజూ చేసి, చాసిస్ పక్కనే జానమాజ్ పరుస్తాడు. సెల్‌ఫోన్‌లో ఖిబ్లా యాప్ తెరుస్తాడు. ముల్లు ఒకవైపు చూపుతుంది. రెండడుగులు జరిగితే మరోవైపు తిరుగుతుంది. "ఏది నిజం భాయ్?" అని మేస్త్రిని అడగక తప్పదు.

ఇందులో తప్పు యాప్‌ది కాదు, ఇనుముది. ఫోన్‌లో భూమి అయస్కాంత శక్తిని పసిగట్టే చిన్న పరికరం ఉంటుంది. ఆ శక్తి చాలా స్వల్పం. పక్కనే టన్నుల కొద్దీ ఇనుము, వెల్డింగ్ కేబుల్‌లో కరెంటు, స్పీకర్‌లో అయస్కాంతం ఉంటే ముల్లు దారి తప్పుతుంది. ఫోన్‌ను గాలిలో 8 అంకె ఆకారంలో తిప్పితే దాని లోపలి దోషం కొంత సర్దుకుంటుంది గాని, చాసిస్ ప్రభావం పోదు.

మరి ఏం చేయాలి? విజయవాడ నుంచి కాబా సరిగ్గా పడమర కాదు. పడమర నుంచి ఉత్తరం వైపు దాదాపు 14 డిగ్రీలు జరగాలి. షెడ్డు బయట, ఇనుముకు దూరంగా నిలబడి దిశ చూసుకుని, లోపల గోడపై శాశ్వతంగా గుర్తు పెట్టుకోవచ్చు. అంతకన్నా నమ్మకమైనది సూర్యుడు. ఏటా మే 28న మన గడియారంలో మధ్యాహ్నం 2.48కి, జులై 16న 2.57కి సూర్యుడు కాబాకు నడినెత్తిన ఉంటాడు. ఆ నిమిషాన నిట్టనిలువుగా ఒక కడ్డీ పాతితే, నీడ కొస నుంచి కడ్డీ వైపు చూసిన దిశే ఖిబ్లా. ఇక్కడ ఇనుప కడ్డీ అయినా ఫరవాలేదు! ఒకరోజు అటూ ఇటూ అయినా తేడా స్వల్పమే.

వేళల విషయంలోనూ జాగ్రత్త అవసరం. యాప్‌లో హనఫీ పద్ధతి ఎంచుకోకపోతే అస్ర్ వేళ ఋతువును బట్టి ముప్పావు గంట నుంచి గంటంబావు దాకా ముందే చూపుతుంది. ఫజ్ర్ లెక్కకు 18 డిగ్రీల బదులు 15 డిగ్రీల పద్ధతి ఉంటే, సహరీ గడువు పన్నెండు నిమిషాలకు పైగా ఆలస్యంగా కనిపిస్తుంది. రంజాన్‌లో ఆ నిమిషాలు ఎంత విలువైనవో చెప్పనక్కర్లేదు. యాప్ వేళలను మీ మస్జిద్ పట్టికతో ఒకసారి సరిచూసుకోండి.

నమాజులో ముఖాన్ని మస్జిదుల్ హరామ్ వైపు తిప్పమని దివ్య ఖుర్ఆన్ (2:144) ఆదేశించింది. దిశ తెలుసుకునేందుకు శక్తిమేరకు ప్రయత్నించాక కూడా కొంత తేడా వస్తే నమాజ్ చెల్లుతుందని ధర్మవేత్తలు చెప్పారు. అయితే ఆ ప్రయత్నం మనదే, ఫోన్‌ది కాదు. యంత్రం సాయపడుతుంది. బాధ్యత మాత్రం దాసుడిపైనే ఉంటుంది.