బిడ్డ రానున్న ఇంటికి కారు: గర్భిణీ పరిచర్య దృష్టితో కొన్ని సూచనలు

పూర్వం కోడలు నెల తప్పిందని తెలియగానే ఇంటి పెద్ద పాడి ఆవును తోలుకొని వచ్చేవాడు. నేడు అదే శుభవార్త విన్న ఇంట కారు కొనే ఆలోచన మొదలవుతున్నది. ఆవును కొనేటప్పుడు పొదుగు, పళ్లు, సుళ్లు చూసేవారు. కారు కొనేటప్పుడు రంగు, పాటల తెర, పైకప్పులో తెరుచుకునే అద్దం చూస్తున్నారు. గర్భిణికీ, పుట్టబోయే శిశువుకూ మేలు చేసే లక్షణాలు ఏవి అని విచారించేవారు తక్కువ. వైద్యునికి కారుతో పనేమిటని పాఠకులు అనుకోవచ్చును. గర్భిణీ పరిచర్యలో ఆహారం ఎంత ముఖ్యమో విహారమూ అంతే ముఖ్యం. ప్రయాణం విహారంలో చేరినదే కనుక దానిని గూర్చి చెప్పడం నా విధి.

శాస్త్రం ఏమంటున్నది?

చరక సంహిత శారీర స్థానం ఎనిమిదవ అధ్యాయంలో గర్భానికి హాని చేసే విషయాలు చెప్పబడినవి. మిక్కిలిగా కుదిపే వాహనాలపై ప్రయాణం, ఎగుడుదిగుడైన కఠినాసనం వాటిలో ఉన్నవి. సుశ్రుతుడు కూడా వాహనం ఎక్కడాన్ని గర్భిణికి వర్జ్యాలలో చేర్చాడు. చరకుడు గర్భిణిని నిండుగా నూనె పోసిన పాత్రతో పోల్చి, తొణకకుండా కాపాడుకోవాలన్నాడు. ఆనాటి వాహనాలు కర్రచక్రాల బండ్లు, రథాలు, గుర్రాలు, ఏనుగులు. గురుకులంలో ఈ పాఠం చెప్పేటప్పుడు మా గురువుగారు, నిషేధాన్ని కంఠస్థం చేస్తే చాలదు, దాని హేతువును పట్టుకోవాలి అనేవారు. ఇక్కడ హేతువు సంక్షోభం, అనగా కుదుపు. నేటి గర్భిణి పరీక్షలకు ఆసుపత్రికి వెళ్లక తప్పదు, చాలామందికి ఉద్యోగమూ తప్పదు. కనుక వాహనాన్ని మానడం కాక, కుదుపు తగ్గించే వాహనాన్ని ఎంచుకోవడమే శాస్త్రానుసరణ.

నా వద్దకు వచ్చిన దంపతులు

తెనాలి నుండి ఒక యువ దంపతులు అత్తగారితో సహా నా వద్దకు వచ్చారు. ఆ అమ్మాయికి ఐదవ నెల. విజయవాడలో ఉద్యోగం. రానూపోనూ రోజుకు అరవై కిలోమీటర్లకు పైగా ప్రయాణం. అంతకు ముందు ఒకసారి రెండవ నెలలోనే గర్భం పోయింది. "తాతగారూ, అప్పుడు నేను స్కూటరు మీద తిరగడం వల్లనే పోయిందని అందరూ అంటున్నారు" అని కన్నీరు పెట్టుకున్నది.

ఆమెకు ముందుగా కావలసిన చికిత్స ఆ దుఃఖానికి. "అమ్మా, తొలి మూడు నెలలలో పోయే గర్భాలలో అధికభాగం బీజదోషం వల్ల పోయేవే. నేటి వైద్యమూ అదే చెబుతున్నది. నీవు చేసిన అపరాధమేమీ లేదు" అన్నాను. శోకాన్ని సుశ్రుతుడు గర్భిణికి వర్జ్యాలలోనే చేర్చాడు. వాహనం కుదుపుకు భయపడి గర్భిణిని మాటలతో కుదిపే బంధువులు దీనిని గుర్తుంచుకోవాలి.

ఆమె భర్త ఎత్తైన పెద్ద కారు కొనదలచాడు. ఏడు సంవత్సరాల అప్పు. జీతంలో సగానికి దగ్గరగా వాయిదాలకే పోతుంది. ప్రసూతి సెలవు తరువాత ఉద్యోగం కొనసాగించగలనో లేదోనని ఆమె భయం. "నాయనా, నెలనెలా గుండె దడ పుట్టించే కారు గర్భిణికి పథ్యం కాదు" అని చెప్పి, ఈ క్రింది లక్షణాలు వివరించాను. వారు అప్పు సగానికి తగ్గే చిన్న కారునే తీసుకున్నారు.

కారులో చూడవలసిన లక్షణాలు

1. ఆసనం ఎత్తు: తలుపు తీసి నిలబడితే ఆసనం ఇంచుమించు పిరుదుల ఎత్తుకు రావాలి. మరీ క్రిందికి ఉంటే నిండు నెలల్లో లేవడం కష్టం. మరీ ఎత్తైతే కాలు ఎత్తి ఎక్కాలి. శస్త్రచికిత్సతో ప్రసవమైన తల్లికీ, మోకాళ్ల నొప్పుల అత్తగారికీ ఇదే కొలత.

2. కుదుపు: దుకాణం ముందున్న నున్నని రోడ్డుపై నడిపి చూస్తే ఏమీ తెలియదు. మీరు నిత్యం తిరిగే గతుకుల రోడ్డుపై, గర్భిణి కాక ఇంటివారు ముగ్గురు వెనుక కూర్చొని చూడాలి. అలంకారానికి పెద్ద చక్రాలు, పలుచని టైర్లు వేసిన రకం కన్నా మందమైన టైర్ల రకం గతుకులను బాగా మింగుతుంది. టైర్లలో గాలి తలుపు చట్రంపై అంటించిన పట్టీలో చెప్పినంతే ఉండాలి. ఎక్కువైతే కుదుపు, తక్కువైతే ప్రమాదం.

3. రక్షణ: మన దేశంలో భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు 2023 అక్టోబరులో మొదలైనవి. అందులో పెద్దల రక్షణకు, పిల్లల రక్షణకు వేర్వేరుగా నక్షత్రాలు ఇస్తారు. అమ్మేవారు సాధారణంగా మొదటిదే చెబుతారు. మీరు రెండవది అడగండి. పాత కారు కొనేవారు తయారీ సంవత్సరం చూడాలి. డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయినది 2019 జూలై నుండి మాత్రమే.

4. వెనుక సీటు: శిశువు ఆసనాన్ని బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నవో లేవో వేలు పెట్టి తడిమి చూడండి. తలుపు విశాలంగా తెరుచుకోవాలి. వెనుకకు చల్లగాలి అందాలి. లోపలి నుండి పిల్లలు తలుపు తీయలేని తాళం ఉండాలి.

5. వాసన: కొత్త కారులో ప్లాస్టిక్కు, జిగురుల వాసన గర్భిణికి వికారం పుట్టిస్తుంది. ప్రసవానికి రెండు మూడు నెలల ముందే కొని, నీడలో అద్దాలు దించి గాలి ఆడనివ్వండి. సుగంధపు సీసాలు పెట్టవద్దు. కారులో సాంబ్రాణి ధూపం వేయవద్దు.

గర్భిణి కూర్చునే విధానం

బెల్టు కడుపును నొక్కి బిడ్డకు హాని చేస్తుందని చాలామంది తీసివేస్తున్నారు. ఇది అపోహ. తల్లి క్షేమమే బిడ్డకు మొదటి రక్ష. క్రింది పట్టీ కడుపుపై కాక, కడుపు క్రిందుగా తుంటి ఎముకలపై బిగువుగా ఉండాలి. పై పట్టీ స్తనాల మధ్యగా వచ్చి కడుపు ప్రక్క నుండి దిగాలి. గర్భిణి స్వయంగా నడిపితే ఉదరానికీ స్టీరింగుకూ మధ్య కనీసం ఇరవై ఐదు సెంటీమీటర్లు ఎడం ఉండాలి. అంత ఎడం కుదరని నెలలలో నడపడం మానాలి. నడుము వెనుక మెత్తని తువ్వాలు చుట్టి పెట్టుకుంటే హాయి.

మార్గంలో శౌచాలయం దొరకదని నీరు త్రాగకుండా, మూత్రం ఆపుకొని ప్రయాణించే స్త్రీలు ఎందరో. ఆపకూడని వేగాలు పదమూడని శాస్త్రం చెప్పింది. వాటిలో మూత్రవేగం ఒకటి. గర్భిణికి మూత్రమార్గ వ్యాధులు త్వరగా వస్తాయి. బయలుదేరే ముందే ఆగవలసిన చోట్లు నిర్ణయించుకొని, గంటన్నర, రెండు గంటలకొకసారి దిగి నాలుగు అడుగులు వేస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ తగ్గుతుంది.

ఎనిమిదవ నెలలో ఓజస్సు తల్లీబిడ్డల మధ్య స్థిరంగా ఉండదని శాస్త్రోక్తి. ఆ నెలలో పుట్టింటికి పంపని మన ఆచారం దీనికి సరిపోతున్నది. దూర ప్రయాణాలు ముందే ముగించండి. ప్రయాణంలో చిన్న ఢీ తగిలినా, నొప్పి లేకున్నా, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మాయ గర్భాశయ గోడ నుండి విడివడడం పైకి తెలియకపోవచ్చును. ఇది గృహవైద్యానికి లొంగేది కాదు.

శిశువుకు ప్రత్యేక ఆసనం

"మనవడిని నా ఒడిలో కాక ఏదో బుట్టలో కట్టేస్తారా అయ్యా?" అని ఆ అత్తగారు కోపించారు. నేను వాదించలేదు. మూడు కిలోల బియ్యం సంచిని ఒడిలో పెట్టుకొని కూర్చోమన్నాను. కుమారుడు జనసంచారం లేని దారిలో గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో వెళ్లి గట్టిగా బ్రేకు వేశాడు. సంచి ఆమె పాదాల వద్ద పడింది. యాభై కిలోమీటర్ల వేగంలో ఢీకొంటే ఆ క్షణాన శిశువు బరువు ఇరవై రెట్లకు పైగా అవుతుంది. ఏ తల్లి చేతులూ దానిని ఆపలేవు. ఆమె స్వయంగా ఆసనాన్ని కొనిపెట్టారు.

ఆసనం వెనుక సీటులో, శిశువు ముఖం కారు వెనుకకు ఉండేటట్లు అమర్చాలి. ఎయిర్‌బ్యాగు పనిచేసే ముందు సీటులో దీనిని ఎన్నడూ పెట్టరాదు. బెల్టు బిగించిన తరువాతనే పైన దుప్పటి కప్పాలి. గడ్డం గుండెపైకి వాలకుండా చూడాలి. ఇంటికి చేరగానే శిశువును ఆసనంలో నిద్రించనివ్వక ఉయ్యాలలోకి మార్చాలి. పదునాలుగు సంవత్సరాలు నిండని పిల్లలను బెల్టుతో గాని, తగిన ఆసనంతో గాని భద్రపరచకుంటే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 సవరణ చట్టం చెబుతున్నది. ఎండలో నిలిపిన కారులో పది నిమిషాలలోనే వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. ఒక్క నిమిషమే కదా అని శిశువును అందులో వదలరాదు.

ప్రయాణంలో వికారానికి

గుప్పెడు వరి పేలాలను నాలుగింతల నీటిలో ఉడికించి, వడకట్టి, కొద్దిగా పటికబెల్లం, చిటికెడు ఏలకుల పొడి కలిపి గోరువెచ్చగా త్రాగి బయలుదేరాలి. మధుమేహం ఉన్నవారు పటికబెల్లం మానాలి. దారిలో ఎండు ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకోవచ్చును, నిమ్మపండు వాసన చూడవచ్చును. ఖాళీ కడుపుతోగాని, నిండు భోజనం చేసిన వెంటనేగాని ప్రయాణం చేయరాదు. వాంతులు ఆగకున్నా, మూత్రం ముదురు రంగులో తక్కువగా వస్తున్నా వైద్యుని చూడాలి.

కొత్త కారుకు పూజ చేయించండి, చక్రాల క్రింద నిమ్మకాయలు పెట్టండి. దిష్టి తాళ్లు మాత్రం ముందు అద్దానికి కట్టి దారి కనబడకుండా చేయకండి. ఆ తెనాలి అమ్మాయికి నెలలు నిండి ఆడపిల్ల పుట్టినది. ఆసుపత్రి నుండి ఇంటికి తొలి ప్రయాణం ఆ ఆసనంలోనే జరిగినది. గర్భిణులందరికీ సుఖప్రసవం, శిశువులందరికీ దీర్ఘాయువు కలుగుగాక.