ముల్లు చెప్పే బోరు కథ

ధర్మవరం నుంచి కళ్యాణదుర్గం దాకా చీనీ తోటల గట్ల మీద స్టార్టర్ పెట్టెలు కనిపిస్తాయి. పెట్టె ముఖాన రెండు మీటర్లు. ఒకటి వోల్టేజీది, రెండోది ఆంపియర్లది. ఐదు హెచ్‌పీ మోటారు సక్రమంగా నడుస్తుంటే మొదటి ముల్లు 415 దగ్గర, రెండోది తొమ్మిది దగ్గర నిలుస్తాయి.

బడిలో చెప్పిన లెక్క ప్రకారం వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం రావాలి. 1827లో జర్మన్ ఉపాధ్యాయుడు గెయోర్గ్ ఓం అచ్చు వేయించిన సూత్రం అదే. ఆ లెక్కన 46 ఓములు. కానీ అదే మోటారును పైకి తీసి, మెకానిక్ మల్టీమీటరుతో రెండు తీగల మధ్య కొలిస్తే మూడు ఓములో, కాస్త ఎక్కువో చూపిస్తుంది. మూడు ఓములకు 415 వోల్టులు పెడితే 138 ఆంపియర్లు పారాలి. తొమ్మిదే ఎందుకు పారుతున్నాయి?

ఓం తప్పు చెప్పలేదు. మోటారు తిరిగేటప్పుడు దాని అయస్కాంత క్షేత్రం చుట్లలోనే ఎదురు వోల్టేజీని పుట్టిస్తుంది. బయటి వోల్టేజీలో చాలా భాగం దాన్ని తట్టుకోవడానికే సరిపోతుంది. బోరులో ఇసుక చేరి రోటరు బిగుసుకుపోయిందా, ఆ ఎదురు తగ్గిపోయి కరెంటు ఐదారు రెట్లకు ఎగబాకుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని 1840ల్లో జౌల్ తేల్చాడు. అంటే ఐదు రెట్ల కరెంటుకు ఇరవై ఐదు రెట్ల వేడి. ఫ్యూజు పోవాలి, లేదా వైండింగ్ పోవాలి. ఫ్యూజు స్థానంలో లావు తీగ చుట్టిన చోట పోయేది వైండింగే.

బోరులో మునిగి తిరిగే ఈ మోటారు పుట్టింది నీళ్ల కోసం కాదు, చమురు కోసం. 1893లో టిఫ్లిస్‌లో పుట్టిన అర్మైస్ అరుతునోవ్ రష్యాలో మొదలుపెట్టి, జర్మనీ మీదుగా అమెరికా చేరి, 1920ల చివర కాన్సాస్ చమురు బావుల్లోకి సన్నటి పొడవాటి మోటారును దింపాడు. పొడవు ఎందుకంటే బావి వెడల్పు అంతే, బలం పెంచాలంటే నిలువునా పెంచాల్సిందే. అదే 1893లో కోయంబత్తూరు దగ్గర ఒక తెలుగు కుటుంబంలో పుట్టినవారు జి.డి. నాయుడు. డి. బాలసుందరం నాయుడితో కలిసి 1937లో ఆయన తయారుచేసిన విద్యుత్ మోటారును దేశంలో మొదటిదిగా చెబుతారు. పంపుల ఊరుగా కోయంబత్తూరుకు పేరు రావడానికి నాంది అది.

అనంతపురానికి బోరు మోటారు ఎందుకు తప్పలేదంటే, సగటు వర్షం 550 మిల్లీమీటర్ల ప్రాంతం, కింద గట్టి రాయి. నీళ్లు రాతి పగుళ్లలోనే ఉంటాయి. బావులు ఎండాక బోర్లు, బోర్లు ఎండాక ఇంకా లోతు బోర్లు. 600 అడుగులంటే 183 మీటర్లు. అంత లోతు నుంచి లీటరు నీళ్లు పైకి తేవాలంటే దాదాపు 1,800 జౌళ్లు కావాలి. మోటారు ఇరుసు ఇచ్చేది సుమారు 3,730 వాట్లు, పంపు అందులో సగం నీళ్లకు చేరిస్తే సెకనుకు ఒక లీటరు. అరవై అడుగుల బావికి తగ్గ పంపు పెట్టి ఉంటే అదే కరెంటుకు పది లీటర్లు వచ్చేవి. రైతులు దీన్ని లీటర్లలో చెప్పరు, "ఇంచు నీళ్లు పడ్డాయి" అంటారు.

పైనుంచి వెళ్లే కేబులు కూడా తన వాటా తీసుకుంటుంది. ఇక్కడ ఓం లెక్క ఉన్నదున్నట్టు పనిచేస్తుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 183 మీటర్లకు సుమారు 1.26 ఓములు. తొమ్మిది ఆంపియర్లకు మూడు తీగల్లో కలిపి మూడొందల వాట్లు వేడిగా పోతాయి. తొమ్మిది గంటలు నడిస్తే రోజుకు రెండున్నర యూనిట్లకు పైమాటే. ఎన్టీఆర్ హయాంలో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల శ్లాబు వచ్చింది, 2004లో ఉచిత కరెంటు వచ్చింది. ఆ యూనిట్లు రైతు బిల్లులో కనిపించవు కనుక, లావు కేబులు కొనమని ఎవరు చెప్పినా చెవికెక్కదు. నాకైతే అందులో రైతు తప్పు కనిపించదు. పోయే కరెంటుకు పైసా కట్టనివాడికి కేబులుకు పెట్టే వేలు మాత్రం జేబులోంచి పోతాయి.

రెండు ముళ్లూ కలిపి చదివితే నేల కింద ఏం జరుగుతోందో తెలుస్తుంది. వోల్టేజీ బాగుండి ఆంపియర్లు పడిపోయి ఊగుతుంటే, నీళ్లు అయిపోయి పంపు గాలి తాగుతున్నట్టు. మోటారును చల్లబరిచేది దాన్ని ఒరుసుకుంటూ పారే నీళ్లే గనుక, తక్కువ కరెంటుతో కూడా కాలిపోవచ్చు. వోల్టేజీ 330కి దిగి ఆంపియర్లు 11 దాటితే లోవోల్టేజీ. హీటరుకైతే వోల్టేజీ తగ్గితే కరెంటూ తగ్గుతుంది. మోటారు మాత్రం నెత్తిమీది నీళ్ల బరువు తగ్గలేదు కనుక ఎక్కువ లాగుతుంది. చుట్లలో వేడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

నీళ్లు తగ్గితే రైతు రెండు పైపులు ఎక్కువ దింపుతాడు, ఆపైన ఐదు హెచ్‌పీ తీసి ఏడున్నర వేస్తాడు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఇవ్వగలిగింది 35 ఆంపియర్ల లోపు. ఐదు హెచ్‌పీవి మూడు హాయిగా నడుస్తాయి, నాలుగోదానికి 36 అవుతుంది. ముగ్గురూ ఏడున్నరకు మారితే 40 దాటుతుంది. వోల్టేజీ వంగుతుంది, వంగినకొద్దీ ప్రతి మోటారూ ఇంకాస్త లాగుతుంది. పైగా ఆటో స్టార్టర్లు ఉంటే, కరెంటు వచ్చిన క్షణాన అన్నీ ఒక్కసారి లేచి, ఒక్కోటీ ఐదారు రెట్లు అడుగుతాయి. అందుకే కొన్ని ఊళ్లలో ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులు వంతులు వేసుకుని, ఒకరి తర్వాత ఒకరు స్విచ్ వేస్తారు.