పాత మోటారు సైకిల్ కొంటున్నారా? ముందు కాగితాలు, తర్వాత ఇంజను, చివరకు ధర

పాడి గేదెను కొనబోయే రైతు ఒక్క చూపుతో డబ్బు లెక్కపెట్టడు. పళ్లు చూస్తాడు, పొదుగు పట్టుకుని చూస్తాడు, రెండు పూటలా దగ్గరుండి పాలు పితికించి, కొలిచి, ఆ తర్వాతే బేరానికి దిగుతాడు. అదే రైతు పాత మోటారు సైకిల్ కొనేటప్పుడు మాత్రం రంగు చూసి, ఒక కిక్కు కొట్టి, వీధి చివరి దాకా నడిపి వచ్చి డబ్బు చేతిలో పెట్టేస్తున్నాడు. ఊరూరా బండి మీద తిరిగే ఉద్యోగంలో ఈ తప్పు ఎంతోమంది చేయగా చూశాను. అందుకే ఈ వ్యాసం.

ఈ రోజు బైకు కూడా ఒక వ్యవసాయ పనిముట్టే. పాల క్యాన్లు కేంద్రానికి చేర్చాలన్నా, కూరగాయలు రైతు బజారుకు తేవాలన్నా, స్ప్రేయరు పట్టుకుని పొలానికి వెళ్లాలన్నా అదే దిక్కు. కొత్తది కొనే స్తోమత లేనప్పుడు పాతది చూసుకోవడంలో తప్పు లేదు. అయితే మూడు విషయాలు ఒక వరుసలో చూడాలి. మొదట కాగితాలు, తర్వాత బండి, చివర ధర. కాగితాలు సరిగా లేకపోతే బండి ఎంత బాగున్నా అక్కడితో ఆపేయండి.

1. బండి మీ పేరుకు మారుతుందా?

కొన్నేళ్ల కిందట మా మండలంలో ఒక పాడి రైతు 16 వేలకు పాత బండి కొన్నారు. పాత యజమాని సంతకం చేసిన ఖాళీ ఫారాలు, ఆర్సీ తీసుకుని బీరువాలో పెట్టారు. పేరు తర్వాత మార్చుకుందాంలే అనుకున్నారు. ఏటా బీమా కడుతూనే ఉన్నారు, కానీ అది కూడా పాత యజమాని పేరు మీదే. ఒక తెల్లవారుజామున పాలు పోసి వస్తూ, రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన ట్రాలీని గుద్దుకుని చనిపోయారు. ఆయన భార్య కాగితాల సంచి పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. పాలసీలో యజమాని ప్రమాద బీమా 15 లక్షలు అని స్పష్టంగా ఉంది. కానీ అది పాలసీలోనూ ఆర్సీలోనూ పేరున్న యజమానికి వర్తించేది. ఈయన పేరు రెండింటిలోనూ లేదు. ఆవిడకు ఆ మాట చెప్పడం నా వల్ల కాలేదు, చాలాసేపు కాగితాలే తిరగేస్తూ కూర్చున్నాను.

కాబట్టి కొనే ముందే ఈ కింది వాటిని సరిచూసుకోండి.

• ఆర్సీలో ఉన్న పేరు, అమ్ముతున్న వ్యక్తి పేరు ఒకటేనా? మధ్యలో ఇద్దరు ముగ్గురి చేతులు మారిన బండి అయితే, ఆర్సీలో ఉన్న వ్యక్తి వచ్చి సంతకం చేస్తేనే పని అవుతుంది. యజమాని చనిపోయి ఉంటే ముందు వారసుల పేరుకు మార్చాలి. దానికి ఫారం 31 ఉంటుంది.

• ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి. ఛాసిస్ నంబరు ఎక్కువ బండ్లకు హ్యాండిల్ కింద మెడ భాగంలో చెక్కి ఉంటుంది. అక్కడ రుద్దినట్టు, గీకినట్టు ఉన్నా, కొత్తగా రంగు వేసినట్టు ఉన్నా ఆ బండి జోలికి పోవద్దు.

• ఆర్సీలో ఫైనాన్సు కంపెనీ పేరు ఉందేమో చూడండి. వాయిదాలు పూర్తయినా చాలామంది ఆ పేరు తీయించుకోరు. కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 ఉంటేనే అది తొలగుతుంది. ఆ పని అమ్మేవారితోనే చేయించండి.

• చలానాలు ఎన్ని పెండింగులో ఉన్నాయో బండి నంబరుతో ఆన్‌లైన్‌లో చూడవచ్చు. మీకు తెలియకపోతే చదువుకునే పిల్లలను అడగండి, ఐదు నిమిషాల పని.

• పొరుగు రాష్ట్రం బండి తక్కువ ధరకు వస్తుందని ఆశపడకండి. అక్కడి కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి. ఆ ఖర్చు కలిపితే చౌక మాయమవుతుంది.

అన్నీ సరిపోతే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు తీసుకుని రవాణా శాఖ కార్యాలయంలో దరఖాస్తు చేయండి. ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. బీమాను కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్చమని కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. యజమాని ప్రమాద బీమా వర్తించాలంటే మీకు చెల్లుబాటయ్యే లైసెన్సు కూడా ఉండాలి. 100 సీసీ బండికి థర్డ్ పార్టీ బీమా, యజమాని ప్రమాద బీమా కలిపి ఏడాదికి అయ్యేది దాదాపు ఒక డీఏపీ బస్తా ధర. ఆ డబ్బు దగ్గర వెనకాడవద్దు.

బండి అమ్మే రైతులకూ ఒక మాట. పేరు మారనంత వరకు చట్టం దృష్టిలో యజమాని మీరే. ఆ బండి ఎవరినైనా గుద్దితే పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పేరు మార్పు మీకూ రక్షణే.

2. ఇంకా ఎన్నేళ్లు తిరగనిస్తారు?

సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తనిఖీకి చూపించి, ఫీజు, హరిత పన్ను కట్టి, ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2012లో రిజిస్టరైన బండికి 2027లో ఆ గడువు వస్తుంది. అమ్మేవారు 'ఇంజను రాయిలా ఉంది' అన్నా సరే, ఆర్సీ మీద తేదీ చూసి ఎన్నేళ్లు మిగిలిందో లెక్కవేయండి. గడువు దగ్గర పడిన బండి ధర ఆ మేరకు తగ్గాలి. గడువు దాటిపోయిన బండి అయితే పొడిగింపు అమ్మేవారే చేయించి ఇవ్వాలని షరతు పెట్టండి.

3. తెల్లవారి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి

మీరు వచ్చేసరికి బండి స్టార్టు చేసి సిద్ధంగా ఉంచారంటే అనుమానించాలి. వేడెక్కిన ఇంజను తన జబ్బు దాచుకుంటుంది. ముందు రోజు చెప్పకుండా ఉదయాన్నే వెళ్లి, ఇంజను మీద చెయ్యి పెట్టి చూసి, మీరే కిక్కు కొట్టండి. నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకెళ్లి కూలి ఇవ్వండి. అమ్మేవారి మెకానిక్కు మాట లెక్కలోకి తీసుకోవద్దు.

పొగ: సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తుంటే ఇంజను ఆయిల్ కాలుతోందని అర్థం. పిస్టన్ రింగులు, బోరు అరిగి ఉండవచ్చు. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ కాలుతోంది. ఎయిర్ ఫిల్టరు, కార్బురేటరు శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. చలి ఉదయం కాసేపు కనబడే తెల్లటి ఆవిరికి భయపడనక్కర్లేదు. పాత టూ స్ట్రోక్ మోపెడ్లలో ఆయిల్ పెట్రోల్లోనే కలుస్తుంది కాబట్టి కొంత పొగ సహజం.

ఆయిల్: ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడండి. మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరింది. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు ఎన్నో బండ్లు నీట మునిగాయి. అలా మునిగిన బండి ఏ ఊళ్లోనైనా అమ్మకానికి రావచ్చు. హెడ్‌లైటు అద్దం లోపల మట్టి గీత, ఫిల్టరు డబ్బాలో ఎండిన బురద, సీటు కింద బోల్టులకు తుప్పు కనబడితే వదిలేయండి.

మీటరు: మీటరులో కనిపించే కిలోమీటర్లను నమ్మకండి. కేబుల్ తీసేస్తే మీటరు ఆగిపోతుంది. గేరు పెడలు, బ్రేకు పెడలు, ఫుట్‌రెస్టు రబ్బర్లు నున్నగా అరిగి, మీటరు మాత్రం 20 వేలే చూపిస్తుంటే ఎవరు నిజం చెబుతున్నారో మీకే తెలుస్తుంది.

నడిపి చూడండి: వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని ఎత్తు మీదకు ఎక్కించండి. ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. అన్ని గేర్లూ వేయండి, గేరు తనంతట తాను జారిపోకూడదు.

4. బరువు మోసిన బండిని వెనక నుంచి చూడండి

పల్లెల్లో బండి మనుషుల కంటే బస్తాలే ఎక్కువ మోస్తుంది. యూరియా బస్తా 45 కిలోలు. రెండు బస్తాలు, నడిపే మనిషి కలిపితే 150 కిలోలు. ఏళ్ల తరబడి ఇలా మోసిన బండికి వెనక భాగం దెబ్బతింటుంది.

• సీటు కింద ఫ్రేము, క్యారియరు, షాకబ్జార్లు బిగించిన చోట్ల పగుళ్లు, తర్వాత చేసిన వెల్డింగు ఉన్నాయేమో చూడండి. ఫ్రేముకు వెల్డింగు పడిన బండి వద్దు.

• వెనక నిలబడి చూస్తే రెండు చక్రాలు ఒకే గీతలో ఉండాలి. లేకపోతే బండి ఎప్పుడో గట్టిగా పడింది.

• ముందు చక్రాన్ని పైకెత్తి హ్యాండిల్ తిప్పండి. మధ్యలో పట్టినట్టు ఆగితే కోన్ సెట్ మార్చాలి. ముందు ఫోర్కుల మీద ఆయిల్ కారిన మరక ఉండకూడదు.

• వెనక స్ప్రాకెట్ పళ్లు కొడవలి మొనలా వంగి ఉంటే చైను కిట్టు మొత్తం మార్చాల్సిందే.

• టైరు మీద నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాట్లు బాగా కనిపిస్తున్నా, ఏళ్లు గడిచి బీటలు వారిన టైరు బరువు మీద నమ్మదగింది కాదు.

పాత కార్బురేటరు బండ్లకు పెట్రోలు పైపులు కూడా చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు గట్టిపడి, పగిలి ఉంటే కొన్న వెంటనే మార్పించండి.

5. అడిగిన ధర ఒకటి, అయ్యే ఖర్చు ఒకటి

ఒక లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు వేసుకోండి. మొదటిది 12 ఏళ్ల బండి, ధర 20 వేలు, చేయించాల్సిన పనులు 12 వేలు, లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుంది. రెండోది ఆరేళ్ల బండి, ధర 42 వేలు, పనులు 3 వేలు, లీటరుకు 60 కిలోమీటర్లు. అంటే అసలు తేడా 22 వేలు కాదు, 13 వేలు.

రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగితే 12 వేల కిలోమీటర్లు. మొదటి బండికి సుమారు 267 లీటర్లు, రెండోదానికి 200 లీటర్లు కావాలి. లీటరు 108 రూపాయలు అనుకుంటే ఏడాదికి 7,200 రూపాయల తేడా. రెండేళ్లు తిరగకముందే 13 వేలు వెనక్కి వచ్చేస్తాయి. పాలు పోసేవారికి, రోజూ పట్నానికి కూరగాయలు వేసేవారికి ఆరేళ్ల బండే చౌక.

అదే ఇంటి నుంచి పొలానికి రోజుకు 10 కిలోమీటర్లు మాత్రమే తిరిగేవారికి ఆ తేడా ఏడాదికి 1,800 రూపాయలే. వారికి మొదటి బండి చాలు, కాగితాలు, ఫ్రేము బాగుంటే.

అప్పు చేసి కొంటుంటే వడ్డీ కూడా కలపండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి 20 వేలు తెస్తే ఏడాదికి 4,800. కొత్త బండి ధర కూడా ఒకసారి కనుక్కోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత బండి అమ్మేవారు ఇంకా ఆనాటి కొత్త ధరతో పోల్చి బేరం చెబుతుంటే, ఈ మాట గుర్తు చేయండి.

చివరిగా

మొత్తం డబ్బు ఒకేసారి ఇవ్వకండి. అడ్వాన్సు ఇచ్చి, బండి చేతికి వచ్చిన తేదీ, సమయంతో కాగితం రాయించుకుని, మిగిలినది పేరు మార్పు దరఖాస్తు పూర్తయిన రోజు ఇవ్వండి. 'కాగితాలు తర్వాత చూసుకుందాం' అనేవారు ఎంత దగ్గరివారైనా సరే, మర్యాదగా వద్దని చెప్పండి. ఈ నెల కాకపోతే వచ్చే నెల ఇంకో బండి దొరుకుతుంది. బండి మీ పేరుకు మారిన రోజున ఆర్సీ, బీమా జిరాక్సులు ఇంట్లో ఒక కవర్లో పెట్టి, అది ఎక్కడ ఉందో మీ ఇల్లాలికి చెప్పి ఉంచండి. హెల్మెట్ మరవకండి.