కాగితములో పైసగము: కృత్రిమ మేధను అడుగు విధము

కృత్రిమ మేధతో సంభాషించుట నేడు విద్యార్థికిని, ఉద్యోగికిని, రచయితకును, వ్యాపారికిని సమానముగా అందుబాటులోనికి వచ్చినది. 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ లోకమునకు వెల్లడియైన నాటినుండి, ఒకే యంత్రమును ఒకే విషయమును గూర్చి ఇరువురడుగగా ఒకరికి ఎందుకును కొఱగాని పొడిమాటల ప్రోగును, వేరొకరికి వెంటనే వాడుకొనదగిన చక్కని రచనయు లభించుచుండుట అందరకును అనుభవములోనున్న సంగతియే. ఈ భేదము అదృష్టమువలన కలుగునది కాదు. అడిగిన మాటలలో, అనగా వాడుకలో ప్రాంప్టు అనబడు దానిలో, ఎంత విషయము చెప్పబడినది, ఎంత అడిగినవాని మనస్సులోనే మిగిలిపోయినది అనుదానినిబట్టి ఫలము మారుచున్నది. ఆ యంత్రములో జరుగు పని యేమో కొంచెము తెలిసికొన్నచో, మెలకువలను కంఠస్థము చేయవలసిన అవసరము చాలవరకు తప్పును.

1951లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన క్లాడ్ షానన్ ఒక సరళమైన పరీక్షను ప్రకటించెను. ఒక ఆంగ్ల రచనను మరుగున ఉంచి, దానిని చూడని వ్యక్తిని మొదటి అక్షరము మొదలుకొని ఒక్కొక్కదానిని ఊహింపుమని అడిగి, ఊహ తప్పినచోట సరియైన అక్షరమును తెలిపి ముందునకు సాగుటయే ఆ పరీక్ష. ఆయన చూపిన ఉదాహరణములో 129 స్థానములకుగాను 89 స్థానములలో ఊహ మొదటనే సరిపోయినది. భాషలో గడచిన భాగము రాబోవు భాగమును ఎంతగా నిర్ణయించునో దీనివలన స్పష్టమగుచున్నది. నేటి భాషా నమూనాలు చేయు పనియు మూలములో ఇదియే: ఇంతవరకు వచ్చిన పాఠమును చూచి, తరువాతి తునకగా ఏది ఎంతవరకు రాదగునో లెక్కకట్టి, ఒకదానిని ఎన్నుకొని, దానినికూడ పాఠమునకు చేర్చి, మరల లెక్కకట్టుట. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రతిపాదించిన ట్రాన్స్‌ఫార్మర్ అను నిర్మాణము, ప్రతి తునకయు తనకు ముందున్న తునకలన్నిటితో తనకెంత సంబంధము కలదో తూచుకొనుటకు వీలు కల్పించినందున, ఈ ఊహ వాక్యములను దాటి పుటలకు వ్యాపింపగలిగినది.

కాబట్టి ప్రాంప్టు అనునది నడిమికి చినిగిన ఒక కాగితములోని పైసగమువంటిది. క్రిందిసగమున ఏమి ఉండియుండునో ఊహించి పూరించుట యంత్రము పని. ఇది కేవలము అలంకారము కాదని 2019 నాటి జీపీటీ-2 నమూనా నిరూపించినది. సంగ్రహించుట దానికి ప్రత్యేకముగా ఎవరును నేర్పలేదు. అయినను ఒక వార్తావ్యాసమునకు చివర, ఇంటర్నెట్టులో జనులు సంగ్రహమునకు ముందు వ్రాసికొను 'టీఎల్‌డీఆర్' అను పొడియక్షరములను తగిలింపగా, అది ఆ వ్యాససారమును వ్రాయబూనినది. అటువంటి అక్షరముల క్రింద సాధారణముగా ఏముండునో అది చదివియుండెను గదా. మరుసటి సంవత్సరము వచ్చిన, 17,500 కోట్ల పరామితులు (శిక్షణలో కుదురుకొను లోపలి సంఖ్యలు) గల జీపీటీ-3, నాలుగైదు ఉదాహరణములను మాత్రమే చూచి క్రొత్త పనిని అనుకరింపగలిగినది. తరువాత మానవుల మెప్పునుబట్టి నమూనాలను తీర్చిదిద్దు పద్ధతి వచ్చినది. 2022లో ఓపెన్ఏఐ సంస్థ ప్రకటించిన పరిశోధనలో, ఆ శిక్షణ పొందిన 130 కోట్ల పరామితుల చిన్న నమూనా సమాధానములను, శిక్షణ లేని 17,500 కోట్ల నమూనా సమాధానములకంటె పరీక్షకులు మిన్నగా ఎంచిరి. ఈ శిక్షణవలన యంత్రము మన మాటను ఆజ్ఞగా గ్రహించుట నేర్చినది. అయినను పైసగములో లేనిదానిని అది ఊహతోనే నింపుకొనవలసియుండుట మాత్రము మారలేదు.

ఒక ఉపాధ్యాయిని 'గ్రహణాల గురించి వ్యాసం రాయి' అని అడిగినదనుకొందము. ఈ నాలుగు మాటల పైసగమునకు అతుకదగిన క్రిందిసగములు వేలకొలదిగా ఉన్నవి. శాస్త్రజ్ఞునికై వ్రాసినది, శిశువునకై వ్రాసినది, పోటీపరీక్షకై వ్రాసినది, పంచాంగకర్త వ్రాసినది, అన్నియు దీనికి సరిపోవును. వీనిలో ఏ ఒక్కదానిని కోరుటకును ఆధారము చూపకపోవుటచే యంత్రము అన్నిటికిని సాధారణమైనదానిని ఎన్నుకొనును. గ్రహణములు రెండు విధములని ఆరంభించి, కంటికి హాని కలుగునని హెచ్చరించి, ప్రకృతి వైచిత్ర్యమును కీర్తించి ముగించును. అందులో తప్పుండకపోవచ్చును, కాని ఆమె తరగతికి అది చేయు ఉపకారమేమియు ఉండదు.

ఆమెయే కొంతతడవు ఆలోచించి ఇట్లు వ్రాసినదనుకొందము: 'ఎనిమిదో తరగతి పిల్లలకు రేపు ఒక పీరియడ్ పాఠం చెప్పాలి. అమావాస్య నాడు చంద్రుడు భూమికీ సూర్యుడికీ మధ్యకు వస్తాడని వాళ్లకు తెలుసు. అలాంటప్పుడు ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు రాదని ఒక అమ్మాయి అడిగింది. నా దగ్గర ఒక బంతి, టార్చిలైటు, రెండు వెదురు చట్రాలు ఉన్నాయి. చంద్రుడి కక్ష్య వాలుగా ఉండటాన్ని వీటితో ఎలా చూపించాలో వరుసగా చెప్పు. వాళ్లు ఇంకా త్రికోణమితి చదవలేదు, కాబట్టి లెక్కలు వద్దు. రాహుకేతువుల కథ అందరికీ తెలుసు; ఖగోళశాస్త్రంలో ఆ పేర్లు దేనికి వాడారో చివర రెండు వాక్యాల్లో చెప్పు.'

ఇందులో వినువారెవరో ఉన్నది, వారికేమి తెలియునో ఉన్నది, వారి సందేహము ఖచ్చితముగా ఎచ్చట చిక్కుకొన్నదో ఉన్నది, చేతనున్న సామగ్రి ఉన్నది. లెక్కలు వద్దనుటతో ఊరకొనక ఏల వద్దో కూడ చెప్పినందున, ఆమె చెప్పని ఇతర క్లిష్టవిషయములనుగూడ విడిచిపెట్టుటకు యంత్రమునకు ఆధారము చిక్కినది. ఉద్దేశము తెలిసినవాడు ఆజ్ఞ ప్రాకని మూలలకును దానిని వర్తింపజేయగలడు. నిషేధము మాత్రమే తెలిసినవాడు ఆ ఒక్కదానిని మానును. అన్నిటికంటె నాకు ముఖ్యముగా తోచునది వేరొకటి కలదు. ఈ మాటలు వ్రాయుటకు పూనుకొన్న పిమ్మటనే తనకు కావలసినది వ్యాసము కాదని, ఒక ప్రదర్శనమని, ఆమెకు తెలియవచ్చినది. యంత్రము సమాధాన మీయకముందే పనిలో సగము ఆమె మనస్సులో జరిగినది. అంతేకాక వచ్చిన సమాధానమును తూచుటకు కొలత కూడ ఆమె చేతిలోనే ఉన్నది: చంద్రకక్ష్య భూకక్ష్యాతలమునకు సుమారు 5 డిగ్రీలు వాలియున్నదనియు, ఆ రెండును ఖండించుకొను రెండు పాతములకు సమీపమున అమావాస్య తటస్థించినప్పుడే సూర్యగ్రహణము సంభవించుననియు, రాహుకేతువులనునవి మన సిద్ధాంతజ్యోతిషములో ఆ పాతములకు పేళ్లనియు అందులో ఉండవలెను. లేనిచో సమాధానము ఎంత ఇంపుగా నున్నను తిరుగగొట్టవలసినదే.

వర్ణించి చెప్పుటకు వీలుకాని రూపమును ఉదాహరణముతో చూపుట మేలు. పాత పత్రికల సంచికలకు విషయసూచి కూర్చు గ్రంథాలయాధికారి, శీర్షిక, రచయిత, సంపుటము, సంవత్సరము ఏ క్రమమున ఉండవలెనో పుటెడు నియమములు వ్రాయుటకు బదులు, పూర్తిచేసిన రెండు మూడు నమోదులను ప్రాంప్టులో ఉంచినచో చాలును. అయితే ఆ మూడును సలక్షణమైనవే అయినచో చిక్కు వచ్చును. రచయిత పేరు లేని వ్యాసమొకటియు, సంవత్సరము చినిగిపోయిన సంచిక ఒకటియు వానిలో ఉండి, ఆ స్థలము ఖాళీగా విడువబడినట్లు చూపినప్పుడే, తెలియనిదానిని కల్పింపక విడువవలెనని యంత్రము గ్రహించును. ఉదాహరణముల వరుసను మార్చినంతమాత్రముననే కొన్ని నమూనాల ఫలితములు ఉత్తమస్థాయినుండి గ్రుడ్డి ఊహలవరకు ఊగిసలాడినట్లు 2021 నాటి ఒక పరిశోధన తెలిపినది. కావున ముఖ్యమైన పనికి పూనుకొనువారు వరుసను మార్చి ఒకమారు సరిచూచుకొనుట మంచిది.

2022లో రెండు పరిశోధనలు ఈ రంగమునకు గొప్ప ఊపునిచ్చినవి. గూగుల్‌కు చెందిన జేసన్ వే ప్రభృతులు, ఉదాహరణములలో జవాబును మాత్రమే కాక అది వచ్చిన మెట్లనుగూడ చూపగా, 54,000 కోట్ల పరామితుల పామ్ నమూనా బడిపిల్లల లెక్కలలో సాధించిన నిష్పత్తి దాదాపు 18 శాతము నుండి 57 శాతమునకు పెరిగినది. అదే సంవత్సరమున తకేషి కోజిమా బృందము ఉదాహరణములేవియు లేకయే, 'మెట్టు మెట్టుగా ఆలోచింతము' అను అర్థము గల ఒకే వాక్యమును చేర్చి, వేరొక లెక్కల సంపుటిలో 17.7 శాతమును 78.7 శాతమునకు కొనిపోయిరి. ఇందలి కారణము యంత్రము స్వభావములోనే ఉన్నది. వ్రాసిన ప్రతి తునకయు తరువాతి తునకకు ఆధారమగుచుండగా, నడిమి మెట్లు కాగితముపై పడినచో తుదిజవాబునకు అవి ఊతమగును. పడనిచో మొత్తము లెక్క ఒకే ఊహలో ఇమడవలసి వచ్చును. ఆ ప్రసిద్ధ వాక్యమును నేటికిని కొందరు మంత్రమువలె జపించుచున్నారు. 2024 నుండి వచ్చుచున్న తర్కప్రధాన నమూనాలు అడుగకయే దీర్ఘముగా ఆలోచించునట్లు శిక్షణ పొందియున్నందున ఆ వాక్యమునకు మునుపటి శక్తి లేదు. అందుచే ఇట్టి వాక్యములను ఏరి దాచుకొనుటకంటె, అవి ఏల పనిచేసినవో ఎరుగుటయే నిలుచునని నా నమ్మకము.

సుదీర్ఘ పత్రములను ఇచ్చి ప్రశ్నించునప్పుడు మరియొక జాగ్రత్త వలయును. 2023లో స్టాన్‌ఫర్డ్ తదితర పరిశోధకులు, అనేక పత్రముల నడుమ ఒకదానిలో జవాబును ఉంచి పరీక్షింపగా, అది మొదటనో చివరనో ఉన్నప్పుడు నమూనాలు చక్కగా గ్రహించినవి. నడుమ ఉన్నప్పుడు తరచు జారవిడిచినవి. నూరు పుటల నివేదికను చేర్చి ప్రశ్నను ఎక్కడనో పొదుగుట కంటె, నివేదికను ముందుంచి, అది ఎచ్చట ముగిసినదో స్పష్టముగా గుర్తించి, ప్రశ్నను చివర వ్రాసి, జవాబునకు ఆధారమైన వాక్యములను మొదట ఉన్నవున్నట్లు ఎత్తి వ్రాయుమని కోరుట క్షేమము.

కల్పన అనునది ఈ యంత్రములలో అతి ప్రమాదకరమైన గుణము. అవియాంకా విమానసంస్థపై న్యూయార్కులో నడచిన దావాలో ఒక పక్షపు న్యాయవాదులు చాట్‌జీపీటీ సృష్టించిన, లోకములో ఎన్నడును లేని తీర్పులను కోర్టునకు సమర్పించి, 2023 జూనులో 5,000 డాలర్ల జరిమానాకు గురియైరి. ఆ తీర్పులు నిజమైనవేనా అని వారు ఆ యంత్రమునే అడుగగా నిజమేయని చెప్పినది! తీర్పు కావలెనని పైసగము కోరినప్పుడు, తీర్పువంటి క్రిందిసగము పుట్టుట దాని స్వభావము. అందుచే రూఢియైన విషయము కావలసినచోట ఆధారగ్రంథమును మనమే ప్రాంప్టులో చేర్చవలెను; అందులో లేనిచో 'లేదు' అని చెప్పుటకు స్పష్టముగా అనుమతి నీయవలెను; వచ్చినదానిని యంత్రమునకు వెలుపల సరిచూడవలెను. మన అభిప్రాయమును ప్రశ్నలో ఇమిడ్చుటయు చేటు. 'ఈ మందు మంచిదే కదా' అని అడిగినవానికి అవునను జవాబు వైపు మొగ్గుట, మానవుల మెప్పునకై తీర్చబడిన ఈ నమూనాలలో పరిశోధకులు పలుమారులు గమనించిన దోషము. మంచిచెడ్డలు రెండును తెలుపుమని నిష్పక్షముగా అడిగినప్పుడే అది మనకు తెలియనిదానిని చెప్పగలదు.

తెలుగులో అడుగువారు ఎరుగవలసిన విశేషము మరియొకటి కలదు. యంత్రము మనవలె అక్షరములను చూడదు. టోకెనులనబడు తునకలను చూచును. కంప్యూటరులో సాధారణముగా వాడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలగా, తెలుగులోని ప్రతి సంకేతమునకు మూడు బైట్లు పట్టును. 'రాష్ట్రము' అను పదములోని 'ష్ట్ర' మన కంటికి ఒకే అక్షరము; కంప్యూటరునకు అది మూడు హల్లులును రెండు పొల్లుగుర్తులును కలిసిన ఐదు సంకేతములు, 15 బైట్లు. అభ్యాసపాఠములో తెలుగు స్వల్పముగా ఉన్న నమూనాలలో ఈ బైట్లు పెద్ద తునకలుగా కూడక చిన్నచిన్న ముక్కలుగా మిగిలి, ఒకే భావమునకు ఆంగ్లముకంటె తెలుగునకు టోకెనులు పెక్కురెట్లు ఖర్చగుచుండును. పైగా అది వ్రాయు తెలుగు తరచు ఆంగ్లవాక్యమునకు తొడిగిన తెలుగు చొక్కావలె ఉండును. అది సహజముగా ఉండవలెనన్నచో, 'మంచి తెలుగులో రాయి' అనుట చాలదు. మనకు నచ్చిన శైలిలో మనమే వ్రాసిన ఒక పేరా నిచ్చి, ఎవరు ఎవరితో మాటలాడుచున్నారో, మీరు అనవలెనో నువ్వు అనవలెనో, ఏ జిల్లా పలుకుబడియో తెలుపవలెను.

పద్యములకు ఈ కష్టము ఇంకను హెచ్చు. కందము వ్రాయుమనిన యంత్రము వెంటనే నాలుగు పాదములు వ్రాయును గాని, అక్షరములను గాక తునకలను లెక్కించు దానికి గురులఘువుల గణన అంత సులువు కాదు; గణములు తప్పుట, యతి కుదురకపోవుట తరచుగా జరుగుచుండును. అట్టిచోట మొదట కందలక్షణమును, అనగా నాలుగు మాత్రల గణములు ఏ పాదమున ఎన్ని ఉండవలెనో, బేసిస్థానమున జగణము రాకూడదనుటను, యతిస్థానమును మనమే వ్రాసియిచ్చి, ప్రాసాక్షరమును ముందుగా నిర్ణయించి, ప్రతి పాదము క్రిందను అక్షరములను విడదీసి గురులఘువులను గుర్తింపుమని కోరవలెను. అప్పుడు యంత్రము చేసిన లెక్క మన కన్నులయెదుట ఉండును. తప్పు ఏ పాదమున ఏ గణమున ఉన్నదో చూపి, మిగిలిన మూడు పాదములను ముట్టక ఆ ఒక్కదానినే మార్చుమని అడుగవచ్చును.