మీకు తెలుసా? పొట్టి మొక్కకు మూడు వందల ఏళ్లు

చెట్టన్నది మొలవని కొండ కొమ్ము మీద, రాళ్ల మధ్య నేలకు కరుచుకుని ఒకటి రెండు అంగుళాల ఎత్తున పచ్చగా కనిపించేదాన్ని చూసి నాచు అనుకునేరు. అది పూలమొక్క. పేరు మాస్ కాంపియన్, శాస్త్రీయంగా సైలీన్ అకాలిస్. బొకేల్లో పెట్టే కార్నేషన్‌కు చుట్టమే. అలాస్కా కొండల్లో దీని పెరుగుదలను కొలిచిన పరిశోధకులు, పెద్ద మొక్కలు 300 ఏళ్లు దాటి బతకగలవని లెక్కగట్టారు.

ఆల్ప్స్, పిరనీస్, స్కాట్లండ్ కొండలు, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్, అమెరికాలోని రాకీ పర్వతాలు దీని తావులు. ఉత్తర ధ్రువానికి దగ్గరలోని స్వాల్‌బార్డ్‌లోనైతే సముద్రమట్టం దగ్గరే పూస్తుంది.

అంత చలిగాలిలో ఎలా బతుకుతుంది? వందలాది పొట్టి రెమ్మలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దిండులా గుండ్రంగా అల్లుకుంటాయి. గాలి పైనుంచి జారిపోతుంది, ఎండ వేడిమి లోపలే నిలిచిపోతుంది. ఎండ కాసిన రోజు ఆ రెమ్మల మధ్య వేడి బయటి గాలి కన్నా పది డిగ్రీలకు పైగా ఎక్కువ ఉండొచ్చు. ఎండుటాకులు రాలిపోకుండా లోపలే చివికి ఎరువవుతాయి, తడిని పట్టి ఉంచుతాయి. కిందికి దిగే తల్లివేరు మీటరు దాటి పోవచ్చు. పైన కనిపించేదానికి ఎన్నో రెట్లు లోతు!

నాకు అన్నిటికన్నా ముచ్చటేసే సంగతి ఇంకొకటి. ఈ వెచ్చదనం, తడి దాని ఒక్కదానికే దక్కవు. పక్కన ఉత్త గులకరాళ్లలో నిలదొక్కుకోలేని వేరే జాతుల గింజలు దీని మీద పడి మొలకెత్తుతాయి, అక్కడే పూస్తాయి.

పూలు గులాబీ రంగువి, ఐదు రేకులవి, సెంటీమీటరు వెడల్పు ఉంటాయి. కొన్ని మొక్కలకు ఆడపూలే పూస్తాయి, మిగతావాటికి రెండు లింగాలూ ఉన్న పూలు. ముందుగా విచ్చుకునేవి ఎండ బాగా తగిలే దక్షిణం వైపువి. పూత మొదలైన రోజుల్లో దిక్కు తెలుసుకోవాలంటే మొక్కను చూస్తే చాలు.

హిమాలయాల్లో ఇది లేదు. కానీ అదే కుటుంబానికి చెందిన థైలాకోస్పెర్మమ్ లడఖ్ ఎత్తుల్లో ఇదే తీరున పెరుగుతుంది, ముట్టుకుంటే రాయంత గట్టిగా తగులుతుంది.

డెన్వర్ వైపు ఉండే మన తెలుగువాళ్లు సెలవులకు రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు వెళ్తుంటారు. అక్కడి ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 3,713 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. కారు దిగగానే ఈ మొక్క కాళ్ల దగ్గరే ఉంటుంది. ఫొటో కోసం బాట దిగకండి. ఏడాదికి కొద్ది వారాలే పెరిగే మొక్క ఇది. పదేపదే బూట్ల కింద నలిగిన చోటు కోలుకోవడానికి దశాబ్దాలు చాలవు. పెకలించి తెచ్చుకుందామనుకున్నా దక్కదు, తల్లివేరు తెగుతుంది.

పెంచాలనుకుంటే విత్తనం మంచి దారి. చలిదేశాల్లో ఉన్నవాళ్లు శీతాకాలం మొదట్లో గరుకు ఇసుక, కంకర కలిపిన మట్టిలో చల్లి కుండీని ఆరుబయట వదిలేస్తే, ఆ చలే గింజను లేపుతుంది. రోజంతా ఎండ తగలాలి, నీరు క్షణం నిలవకూడదు. మొదలు చుట్టూ సన్న కంకర పరిస్తే తడికి కుళ్లదు. ఎరువు వేయొద్దు. వేస్తే రెమ్మలు సాగి అల్లిక వదులవుతుంది, పూత తగ్గుతుంది. ఇంత చేసినా తోటలో పూత కొండమీదంత దట్టంగా ఉండదు. విజయవాడ, హైదరాబాద్ ఎండలకు మాత్రం ఇది ఒక్క వేసవి కూడా తట్టుకోలేదు, విత్తనాలకు డబ్బు పోయొద్దు.