పాత జీపుకు కొత్త వైరింగ్: ప్యాకెట్టు మీద పేరు చూసి కొంటే చిక్కే

పాడేరు: ఘాట్ రోడ్డు మలుపులో హెడ్‌లైట్లు ఆరిపోవడం, సంత మధ్యలో హారన్ ఆగకుండా మోగడం, రాత్రి వాకిట్లో పెట్టిన బండికి తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోవడం పాత జీపులున్న వారికి కొత్త సంగతులు కావు. ఇంజను బోరింగు చేయించి, బాడీకి రేకు అతికించి, రంగు కొట్టించిన యజమానులు కూడా వైర్ల జోలికి మాత్రం వెళ్లరు. తెగినచోట ముడి, ఊడినచోట టేపు వేసి ఏళ్లు నెట్టుకొస్తారు. బండి కదులుతోంది కదా అన్న ధీమా. అయితే సిజె-3బి వంటి పాత జీపుల్లో డ్రైవరు కూర్చునే సీటు కిందనే పెట్రోలు ట్యాంకు ఉంటుందన్న సంగతి మరువరాదు. నూనె ఎంతుందో చూపే గేజి కోసం ఒక వైరు ఆ ట్యాంకు మీదికి వెళ్లక తప్పదు. దాని తొడుగు పగిలి ఇనుముకు రాసుకుంటే నిప్పురవ్వ ఎక్కడ పుడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

వైర్లన్నీ ఒకేసారి మార్చుకుందామని బయల్దేరిన వారికి అసలు చిక్కు షాపు దగ్గర మొదలవుతుంది. కంపెనీ పుస్తకాలు హార్నెస్ అని పిలిచే ఈ వైర్ల కట్టను మెకానిక్‌లు వైరింగ్ సెట్ అంటారు. గాజువాక ఆటోనగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో అడిగితే సెట్టు దొరకవచ్చు. అది ఈ బండికి సరిపోతుందా అన్నదే ప్రశ్న.

కాగితాల్లో ఒక జీపు, వాకిట్లో మరొకటి

అమెరికా విల్లీస్ కంపెనీ జీపులను మన దేశంలో బిగించి అమ్మడం మహీంద్రా వారు 1947లో బొంబాయిలో ప్రారంభించారు. ఎత్తు బానెట్‌తో ఊళ్లలో ఇప్పటికీ అక్కడక్కడ కనిపించే సిజె-3బి రకాన్ని విల్లీస్ వారు 1953లో తెచ్చారు. హరికేన్ అనే ఇంజను పొడవుగా ఉండటంతో దాని కోసం బానెట్ ఎత్తు పెంచవలసి వచ్చింది. అమెరికాలో 1968తో ఆ రకం తయారీ ఆగిపోయినా ఇక్కడ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు సాగింది.

ఇలాంటి జీపు ఏ సర్కారు ఆఫీసులోనో పనిచేసి, వేలంలో ఒక కాంట్రాక్టరు చేతికి వచ్చి, అక్కడి నుంచి రైతు ఇంటికి చేరి ఉంటుంది. చేతులు మారినప్పుడల్లా దాని ఒంట్లో ఏదో ఒకటి మారుతూ వచ్చింది. ఒకరు పెట్రోలు ఇంజను తీసి డీజిలు పెట్టించారు. మరొకరు డైనమో బదులు ఆల్టర్నేటర్ బిగించారు. మూడో ఆయన లారీ హారన్లు తగిలించి ముచ్చట తీర్చుకున్నారు. దాంతో కాగితాల్లో ఒక జీపు, వాకిట్లో మరొక జీపు తయారైంది. మోడల్ పేరు చెప్పి సెట్టు కొంటే ప్యాకెట్టు మీద పేరు కుదురుతుంది గాని లోపలి వైర్లు కుదరవు. కొనవలసింది ఈ రోజు వాకిట్లో ఉన్న బండికి.

బ్యాటరీ మూతలు లెక్కపెట్టాలి

మొదట తేల్చుకోవలసింది వోల్టులు. తొలినాటి విల్లీస్ జీపులు 6 వోల్టులవి. తర్వాతివి 12 వోల్టులవి. మూతలున్న పాతరకం బ్యాటరీ అయితే మూడు మూతలుంటే 6, ఆరు మూతలుంటే 12. బల్బుల మీద కూడా రాసి ఉంటుంది. దీనికింత పట్టింపు ఎందుకంటే, 45 వాట్ల హెడ్‌లైట్లు రెండు వెలిగితే 12 వోల్టుల బండిలో ఏడున్నర ఆంపియర్ల కరెంటు పారుతుంది. అవే వాట్లు 6 వోల్టుల మీద వెలగాలంటే 15 ఆంపియర్లు కావాలి. కరెంటు రెట్టింపయితే వైరూ లావుగా ఉండాలి. 12 వోల్టుల సెట్టు తెచ్చి 6 వోల్టుల జీపుకు బిగిస్తే దీపాలు కిరసనాయిలు బుడ్డిలా వెలుగుతాయి, వైరు వేడెక్కుతుంది. దీనికి తిరగేస్తే మాత్రం ప్రమాదం లేదు. లావు వైరు 12 వోల్టులకు నిక్షేపంగా పనికివస్తుంది.

వెలుతురు చాలదని కొందరు 100 వాట్ల బల్బులు వేస్తుంటారు. రెండింటికీ కలిపి 16, 17 ఆంపియర్లు ఆ పాత లైటు స్విచ్చి గుండానే పారాలి. స్విచ్చి మాడేది అందువల్లే. మామూలు హాలోజన్ బల్బులు వేసినా కొత్త సెట్టులో హెడ్‌లైట్లకు రిలే పెట్టించుకోవడం మంచిది. అప్పుడు స్విచ్చి మీద భారం పడదు.

డైనమోయా, ఆల్టర్నేటరా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. డైనమో ఉన్న జీపులో దాని పెద్ద టెర్మినల్ నుంచి ఒకటి, చిన్న టెర్మినల్ నుంచి ఒకటి రెండు వైర్లు బయల్దేరి కటౌటు పెట్టెకు చేరతాయి. ఛార్జింగును అదుపు చేసేది ఆ పెట్టే. ఆల్టర్నేటర్లలో చాలావాటికి ఆ ఏర్పాటు లోపలే ఉంటుంది. లావుపాటి వైరు ఒకటి బ్యాటరీ వైపు, సన్న వైరు ఒకటి డాష్‌బోర్డు దీపానికి వెళితే చాలు, కటౌటుతో పని లేదు. ఆనాటి డైనమో ఇచ్చేది ఇరవై పైచిలుకు ఆంపియర్లు మాత్రమే. ఆల్టర్నేటర్ అంతకన్నా బాగా ఎక్కువ ఇస్తుంది. డైనమోకు తగినట్లు చేసిన సెట్టును ఆల్టర్నేటర్ ఉన్న బండికి వేస్తే ఛార్జింగు వైరు చేయి పెట్టలేనంతగా కాలుతుంది.

ఆంపియర్ మీటరు సంగతి మరీ ముఖ్యం. పాత జీపులో ఛార్జింగు కరెంటంతా డాష్‌బోర్డులోని ఆ మీటరు లోంచి వెళ్లి రావలసిందే. 30 వరకే గీతలున్న మీటరు గుండా పెద్ద ఆల్టర్నేటర్ కరెంటు పంపితే మీటరు వెనక బోల్టులు ఎర్రబడతాయి. ఆల్టర్నేటర్ వేసినవారు ఆ మీటరును పక్కనపెట్టి వోల్టు మీటరు పెట్టుకోవాలి. సెట్టు చేసేవారికి ఈ మాట ముందే చెప్పాలి.

డీజిలు ఇంజను వేసిన జీపుకు కాయిల్, డిస్ట్రిబ్యూటర్ వైర్లు అనవసరం. వాటి బదులు హీటర్ ప్లగ్గులుంటే వాటికి లావు వైరు, గట్టి స్విచ్చి కావాలి. చలికాలం పొద్దున్నే ఇంజను వేడెక్కించే ఈ ప్లగ్గులు నాలుగూ కలిసి హెడ్‌లైట్లకన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు తాగుతాయి. పెట్రోలు జీపు సెట్టులోని కాయిల్ వైరునే ప్లగ్గులకు తగిలించిన ఘనులూ లేకపోలేదు!

అమెరికా సెట్టు, ఆటోనగర్ సెట్టు

అసలు రూపం చెడకూడదనుకునే కొందరు అమెరికా నుంచి సెట్టు తెప్పించుకుంటారు. పాతకాలం వాటిలాగే నూలు అల్లిక తొడుగుతో అవి చూడముచ్చటగా ఉంటాయి. తీరా విప్పి చూస్తే వైర్లు అందవు. కారణం, అక్కడ స్టీరింగు ఎడమ పక్కన, ఇక్కడ కుడి పక్కన. లైటు స్విచ్చి, కాలితో నొక్కే డిమ్మర్ స్విచ్చి, హారన్ వైరు అన్నీ అటుదిటు అవుతాయి. పైగా 6 వోల్టులదా, 12 వోల్టులదా అన్నది ఆర్డరులోనే తేల్చి చెప్పకపోతే డబ్బు బూడిదలో పోసినట్టే.

ఇక్కడ దొరికే రెడీమేడ్ సెట్టు చవక. ఇంజను, డైనమో మారకుండా ఉన్న బండికి అది చాలు. అయితే పొడవు చూసుకోవాలి. సిజె-3బి జీపులో ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 80 అంగుళాలు. తర్వాత వచ్చిన ఎంఎం-540లో 91 అంగుళాలు. పొడుగు జీపు సెట్టు పొట్టి జీపుకు వేస్తే మిగిలిన వైరు చుట్ట చుట్టి కట్టుకోవచ్చు. పొట్టిదాన్ని పొడుగు జీపుకు వేస్తే మధ్యలో అతుకు తప్పదు, ఆ అతుకు చాసీ కింద బురదలో నానుతుంది. పురికొస పట్టి ముందు దీపం నుంచి వెనక దీపం దాకా కొలిచి, ఆ కొస జేబులో పెట్టుకుని షాపుకు వెళ్లడం తెలివైన పని.

మార్పులు చేసిన బండికి మాత్రం పాత సెట్టును నమూనాగా ఇచ్చి కొత్తది అల్లించుకోవడమే మేలు. కొంచెం ఖరీదైనా నికరమైన దారి అదే. చేసేవారి దగ్గర రెండు విషయాలు గట్టిగా అడగాలి. ఒకటి వైరు రకం. ఇంటి గోడల్లో వేసే వైరు కొందరు జీపుల్లో వాడుతుంటారు. లోపల లావు పోగులు కొద్దిగా ఉన్న వైరు బండి కుదుపులకు పుటుక్కున తెగుతుంది. వాహనాలకు చేసిన వైరులో సన్నని పోగులు చాలా ఉంటాయి, వంగినా విరగవు. రెండోది ఫ్యూజులు. నాటి జీపులకు అవి బహు తక్కువ. ఇప్పుడు హెడ్‌లైట్లకు, హారన్‌కు, వెనక దీపాలకు, గేజీలకు వేర్వేరుగా ఫ్యూజులు పెట్టించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ట్యాంకు మీదికి వెళ్లే వైరుకైతే చిన్న ఫ్యూజు తప్పనిసరి.

సొంత వాహనానికి 15 ఏళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ తనిఖీలో దీపాలు, హారన్, ఇండికేటర్లు పనిచేయాలి. 50 ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్‌గా నమోదు చేసుకునే నిబంధనలను కేంద్రం 2021లో తెచ్చింది. చాసీ, బాడీ, ఇంజనుకు మార్పులు జరగరాదన్నది అందులోని షరతు. అలా నమోదు చేయించాలనుకునేవారు డీజిలు ఇంజనుకు తగిన వైరింగ్ కొనేముందు ఆ ఇంజను సంగతే మళ్లీ ఆలోచించుకోవాలి.

బిగించేటప్పుడు

పాత సెట్టును కత్తిరించి పారేయరాదు. ప్రతి కొసకూ చీటీ కట్టి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో రాసి, నేల మీద పరిచి పక్కనే కొత్తది పెట్టి చూసుకోవాలి. రంగులను నమ్మితే మోసపోవడమే. లూకాస్ పద్ధతిలో బ్యాటరీ వైరు గోధుమ రంగు, ఇగ్నిషన్ తెలుపు, హెడ్‌లైట్లు నీలం, వెనక దీపాలు ఎరుపు, ఎర్తు నలుపు. కాని యాభై ఏళ్లలో పదిమంది చేతులు పడిన బండిలో ఎరుపు ఎక్కడికి పోయిందో ఎవరికి ఎరుక? టెస్టు లాంపు పెట్టి చూడనిదే ఏదీ కలపకూడదు.

రేకు రంధ్రాల్లోంచి వైరు పోయేచోట రబ్బరు గ్రోమెట్ ఉండి తీరాలి. సైలెన్సర్ గొట్టానికి దూరంగా కట్టాలి. ఎర్తు మరో ముఖ్యమైన పని. ఇంజను నుంచి చాసీకి, చాసీ నుంచి బాడీకి పట్టీలు తుప్పు గీకి బిగించకపోతే ఎంత ఖరీదైన సెట్టు వేసినా దీపాలు మిణుకుమిణుకుమంటాయి. తప్పు సెట్టుదని షాపువాడితో తగాదా పడేవారిలో చాలామంది బండ్లకు ఉన్న జబ్బు ఇదే.

అంతా అయ్యాక బ్యాటరీ కేబుల్ నేరుగా తగిలించరాదు. స్విచ్చులన్నీ ఆపి, బ్యాటరీకి, కేబుల్‌కు మధ్య ఒక బల్బు పెట్టాలి. బల్బు వెలిగితే ఎక్కడో వైరు ఇనుముకు తగులుతున్నట్టే. దాన్ని వెతికి పట్టుకుని, బల్బు ఆరిన తర్వాతే కేబుల్ బిగించాలి.